వాల్వుదా దోషము, వలయముదా?

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టిన పిమ్మట రెండు మూడు దశాబ్దములలో రేడియో, టెలివిజను, టెలిఫోను, గణనయంత్రము ఒకదాని వెంట నొకటిగా వాల్వును వదలుకొన్నవి. మైక్రోవేవ్ పొయ్యిలోని మాగ్నెట్రానును, కొన్ని ప్రసారకేంద్రములలోని మహాకాయములైన వాల్వులను, సంగీతశ్రవణమందు పట్టుదల మెండైన కొందఱి స్టీరియో యంత్రములను మినహాయించినచో, వాల్వు నేటికిని నిత్యవ్యవహారమున జీవించియున్న చోటు విద్యుద్గిటారు వాయించువాని వెనుక నుండు ఆంప్లిఫయరు పెట్టెయే. మన యిండ్లలో మర్ఫీ, ఫిలిప్స్ రేడియోలు బల్లపై కొలువుదీరియున్న రోజుల నెఱిగినవారికి ఆ పెట్టె స్వభావము క్రొత్తగా తోచదు: మీట నొక్కినంతనే పలుకదు, లోపల నారింజవన్నె వెలుగు మెల్లగా ముదిరి, అర నిమిషము గడచిన గాని గొంతు విప్పదు, వేడెక్కును, మోయబోయిన నడుము విఱుచును, ఏనాడో యొకనాడు చెప్పాపెట్టకుండ బుసకొట్టును, గురగురలాడును, లేదా మూగవోవును. అట్టి సమయమున సొంతదారు సాధారణముగా చేయుపని, అంగడికి పోయి వాల్వులన్నియు క్రొత్తవి కొనితెచ్చి ఒక్క పెట్టున మార్చివేయుట. ఈ పద్ధతిలో ధనవ్యయము నిశ్చయము, రోగనివారణము సందిగ్ధము.

సంగీతకారులు వాల్వును ఇంకను విడువకుండుటకు పాతవస్తువులపై మోజు మాత్రమే కారణము కాదు. మోయగల దానికంటె అధికమైన సంకేతమును పంపినపుడు ట్రాన్సిస్టరు వలయము తరంగముయొక్క శిఖరమును ఒక్కసారిగా చదునుచేయును. వాల్వు వలయము, అందును ట్రాన్స్‌ఫార్మరు ద్వారా స్పీకరును నడుపునట్టిది, ఆ శిఖరమును క్రమముగా గుండ్రపఱచి, మూలస్వరమునకు అనుస్వరములను జోడించును. వినువారికి అది చెవికింపైన ఒక నిండుదనముగా తోచును. 1951లో మెంఫిస్ నగరమున ‘రాకెట్ 88’ అను పాటను రికార్డు చేసినపుడు, దారిలో దెబ్బతిన్న ఆంప్లిఫయరునుండి వెలువడిన గరగరధ్వనిని దిద్దబోక అట్లే నిలుపుకొనిరనియు, ఆ గరగరయే పాటకు వన్నె తెచ్చెననియు చెప్పుకొందురు. కాబట్టి గిటారు ఆంప్లిఫయరు విషయమున ఏది దోషము, ఏది గుణము అను ప్రశ్నకు జవాబు మల్టీమీటరులో దొరకదు. మరమ్మతుకు కూర్చుండువాడు మొదట వాయించువానిని అడుగవలసినది ఒక్కటే: ‘ఈ ధ్వని నిన్నటిదాక లేదా?’ అని. నిన్న లేనిది నేడు వచ్చినచో అది దోషము. తొలినుండియు ఉన్నదైనచో అది ఆ యంత్రపు స్వభావము కావచ్చును.

వాల్వు లోపల నేమున్నదో కొంచెము తెలియనిదే దాని వ్యాధులు తెలియవు. 1880ల తొలినాళ్ళలో ఎడిసన్ తన దీపములను పరీక్షించుచు, కాగిన ఫిలమెంటునుండి అదే గాజుబుడ్డిలోని వేఱొక లోహపు రేకునకు శూన్యము గుండ విద్యుత్తు ప్రవహించుటను గమనించెను. 1904లో ఇంగ్లండున ఫ్లెమింగు ఆ విచిత్రమును రేడియో సంకేతములను పట్టుటకు వినియోగించెను. 1906లో అమెరికా దేశస్థుడు లీ డి ఫారెస్టు ఆ రెంటినడుమ మూడవ అవయవము నొకదానిని చొప్పించెను, అదియే గ్రిడ్డు. నేటి వాల్వులో సన్నని హీటరు తీగ కాథోడు అను లోహపు గొట్టమును సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వఱకు కాచును. బేరియము, స్ట్రాన్షియము ఆక్సైడుల పూత గల ఆ గొట్టమునుండి ఎలక్ట్రానులు వెలికుబికి, వందల వోల్టుల ధనవిద్యుత్తు గల ప్లేటువైపు పరుగిడును. నడుమనున్న గ్రిడ్డు సన్నని తీగల చుట్ట. దానికి స్వల్పమైన ఋణవిద్యుత్తు నిచ్చినచో ఎలక్ట్రానులను వెనుకకు నెట్టును, ఆ ఋణము తగ్గినచో దారి యిచ్చును. గిటారు తీగల కంపమును గ్రహించు పికప్పు పంపు సంకేతము వోల్టులో పదవవంతు ప్రాంతమున ఉండునట్టిదైనను, అది గ్రిడ్డుపై పడగానే ప్లేటువద్ద దానికి అనేక రెట్ల మార్పు కనబడును. అమెరికాలో 12ఏఎక్స్7 అనియు, ఐరోపాలో ఈసీసీ83 అనియు వ్యవహరింపబడు చిన్న వాల్వునకు ఈ గుణకము 100. దాని సోదరియైన 12ఏటీ7కు 60. కాథోడు, గ్రిడ్డు, ప్లేటు అను మూడవయవములు గల ఇట్టి ట్రయోడులు ఒక్కొక్క గాజుబుడ్డిలో రెండేసి యుండును.

ఇట్టి యంత్రము ముసలిదగుట మూడు విధముల జరుగును. పూత క్రమముగా సత్తువ కోల్పోయి ఎలక్ట్రానుల నీనుట తగ్గించుట మొదటిది. ఇందు ధ్వని నీరసించి, మొదటి మీటు లోని చుఱుకు పోవును. లోపలి తీగలు, మైకా బిళ్ళలు వదులై కదలుట రెండవది. గాలి చొఱబడుట మూడవది, దీనిని కంటితోనే చూడవచ్చును. వాల్వును చేతబట్టి వెలుతురులో పరికించినచో గాజు లోపలి అంచున, తఱచుగా శిఖరభాగమున, అద్దమువలె తళతళలాడు నల్లని వెండిపూత యొకటి కానవచ్చును. ఇది తయారీ సమయమున గాలిని తోడివేసిన పిమ్మట కూడ మిగిలిన వాయుకణములను మ్రింగుటకై లోపల వెలిగించిన బేరియపు పొర, దీనిని గెట్టరందురు. గాజునకు వెండ్రుకవాసి పగులు పడి గాలి లోనికి పోయినచో ఆ బేరియము గాలితో కలసి సున్నపు మరకవలె తెల్లబడిపోవును. అట్లు తెల్లబడిన వాల్వును పరీక్షింప పనిలేదు, అది పనికిరాదు. వెండిపూత అంచులు గోధుమవన్నెకు తిరిగి పలుచబడుట మాత్రము ఎక్కువకాలము పనిచేసిన వాల్వులలో సహజముగా కనబడునదే గనుక దానికి భయపడనక్కరలేదు.

నిర్దిష్టమైన యంత్రము నొకదానిని ముందుంచుకొన్నచో తక్కిన విషయము సుబోధమగును. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున 1938లో రేడియోల మరమ్మతు దుకాణము తెఱచిన లియో ఫెండర్ గిటారు వాయింప నెఱుగడు. చెడిపోయిన యంత్రము ముందు కూర్చుండువాని యవస్థ నెఱుగును. ఆయన సంస్థ 1963లో వెలువరించిన ‘డీలక్స్ రివర్బ్’ అను ఆంప్లిఫయరు సుమారు 20 వాట్ల శక్తియు, 12 అంగుళముల స్పీకరును గలది. దాని వెనుకపలకను విప్పిచూచినచో వాల్వులన్నియు ఛాసీ అను లోహపు చట్రమునుండి తలక్రిందులుగా వ్రేలాడుచుండును. ఏ సాకెట్టులో ఏ వాల్వుండవలెనో తెలుపు కాగితమొకటి పెట్టె లోపలిగోడకు అంటింపబడియుండును. వెనుకనుండి చూచినచో కుడికొసనున్నది మొదటి వాల్వు, సాధారణ ఛానెలుది. రెండవది రెండవ ఛానెలుది. మూడవది ప్రతిధ్వనిని పుట్టించు స్ప్రింగుపెట్టెను నడుపునది. నాలుగవది ఆ ప్రతిధ్వనిని మరల గ్రహించి మూలధ్వనితో కలుపునది. ఐదవది ధ్వనిని అలలుగా ఊగించునది. ఆఱవది సంకేతమును రెండుగా చీల్చి, ఒకదానికొకటి విలోమముగా పవర్ వాల్వులకు అందించునది. ఆ పిమ్మట పెద్దవగు ఆ పవర్ వాల్వులు: 6వీ6 రకపువి రెండు. ఎడమకొసన జీజెడ్34 అను రెక్టిఫయరు వాల్వు ట్రాన్స్‌ఫార్మరునుండి వచ్చు ద్విముఖవిద్యుత్తును ఏకముఖముగా మార్చును.

వాల్వు సాకెట్టులో గ్రుచ్చబడియున్నది గాని వలయమునకు టంకముతో అతుకబడలేదు. తక్కిన రెసిస్టరులు, కెపాసిటరులు టంకముతో అతుకబడియున్నవి. ఏది ముందుగా చచ్చునో నిర్మించినవారికి తెలియును; అందువలననే అది చేతికి ఊడివచ్చునట్లు అమర్చిరి. ఈ అమరిక మార్పిడికి ఎంత యుపకరించునో, దోషనిర్ణయమునకు అంతకంటె ఎక్కువగా ఉపకరించును. మన తార్కికులు కార్యకారణసంబంధమును నిశ్చయించుటకు అన్వయవ్యతిరేకములను చెప్పిరి: ఇది యున్నచోట అది యున్నది, ఇది లేనిచోట అది లేదు అని రెండువైపులను పరికించిన గాని ఇది దానికి కారణమని పలుకరాదు. వాల్వు ఆంప్లిఫయరు ముందు కూర్చున్నవానికి ఇంతకంటె మేలైన సాధనము లేదు. దోషమున్నదని తోచిన వాల్వును వేఱొక సాకెట్టునకు మార్చినపుడు దోషము వాల్వు వెంట నడచినచో దోషము వాల్వుది. పాతచోటనే నిలిచినచో సాకెట్టుదో, వలయముదో. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. ఎనిమిది తొమ్మిది వాల్వుల నొకసారి మార్చినవానికి యంత్రము బాగుపడినను ఏది చెడినదో తెలియదు. బాగుపడకున్నచో, క్రొత్తవానిలోనే ఒకటి చెడ్డదేమో యను సందేహము పైపెచ్చు.

అమెరికాలో 1950, 60 దశకములలో మందులషాపులలోను, ఇనుపసామానుల యంగళ్ళలోను వాల్వులను పరీక్షించు యంత్రములుండెడివి. గృహస్థులు టెలివిజనులోని వాల్వులను సంచిలో వేసికొనిపోయి తామే గ్రుచ్చి పరీక్షించుకొని, చెడినదాని స్థానమున క్రొత్తదానిని అక్కడనే కొని తెచ్చుకొనెడివారు. కాని ఆ యంత్రములలో పెక్కింటికి కాథోడు ఎంత విద్యుత్తును ఈనుచున్నదో చెప్పుట తప్ప, గిటారు ఆంప్లిఫయరులో కేక పెట్టునా, బుసకొట్టునా అన్నది చెప్పు శక్తి లేదు. అందుచేత ఆంప్లిఫయరే ఉత్తమ పరీక్షాయంత్రము. మంచిదని నిశ్చయముగా తెలిసిన అదే రకపు వాల్వు ఒకటి చేతనుండవలెను, అంతే.

ఇక లక్షణములకు వత్తము. బుసయో, చిటపటయో వినిపించునపుడు ఏ వాల్వును ముట్టక ముందే వాల్యూము మీటను త్రిప్పి చూడవలెను. మీటతోపాటు శబ్దము పెరిగి తరిగినచో దోషము మీటకు ముందున్న భాగములో నున్నది; మీట నెంత త్రిప్పినను మారకున్నచో దాని తరువాతి భాగములోనిది. సగము యంత్రము ఇంతతోనే నిర్దోషియని తేలును. రెండు ఛానెళ్ళున్న చోట గిటారు తీగను ఒకదానినుండి మరొకదానికి మార్చిచూచుట మరియొక సులభోపాయము: సాధారణ ఛానెలులో బాగుగా పలికి రెండవదానిలో మాత్రమే గొంతు జీరపోయినచో, రెండింటికిని ఉమ్మడియైన ఆఱవ వాల్వు, పవర్ వాల్వులు, రెక్టిఫయరు అను మూడింటిని తప్పుపట్టుటకు వీలులేదు. అప్పటికిని తేలనిచో, ప్రతిసారియు యంత్రము నార్పి, కుడికొసనుండి వాల్వుల నొకటొకటిగా ఊడదీసి వినవలెను. ఏ వాల్వును తీసినపుడు బుస ఆగునో అక్కడనో, అంతకు ముందరనో దాని పుట్టుక. ఆఱవదానిని తీసినను శబ్దము నిలిచియున్నచో చిన్న వాల్వులన్నియు తప్పించుకొన్నట్లే. వెదకవలసినది పవర్ వాల్వులలోను, విద్యుత్సరఫరాలోను. కొన్ని యంత్రములలో హీటరులను వరుసగా కలిపియుందురు గనుక ఒక వాల్వును తీసినచో తక్కినవియు ఆరిపోవును. అచ్చట ఈ యుపాయము పనికిరాదు.

హుంకారము విషయమున చెవికి కొంచెము శిక్షణ యున్నచో శ్రమ తగ్గును. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు పూర్తిచేయును, అమెరికాలో 60. ఆ స్థాయిలోనే వినిపించు మంద్రమైన గుమగుమధ్వని తఱచుగా హీటరునుండి కాథోడునకు విద్యుత్తు కాఱుటవలన పుట్టును. ఇది వాల్వు దోషము, మార్చినచో పోవును. అంతకు రెట్టింపు, అనగా 100 లేక 120 స్థాయిలో, కొంచెము ఘాటుగా వినిపించునది రెక్టిఫయరు తరువాత విద్యుత్తును నునుపుచేయు పెద్ద కెపాసిటరులు ఎండిపోవుటవలన గాని, రెండు పవర్ వాల్వుల బలము సమముగా లేకపోవుటవలన గాని కలుగును. మొదటిదానికి వాల్వులనెన్ని మార్చినను ఫలము లేదు.

లోపలి భాగములు వదులైన వాల్వు మైక్రోఫోనుగా మారును. స్పీకరు అదే పెట్టెలో నుండుటచేత దాని కంపము వాల్వును కుదుపును, ఆ కుదుపు సంకేతమై మరల స్పీకరును చేరును, చూచుచుండగానే ఈ చక్రభ్రమణము చెవులు చిల్లులుపడు కేకగా పరిణమించును. పరీక్ష సులభము: యంత్రమును వెలిగించి, వాల్యూము కొంచెము పెంచి, కొయ్య పెన్సిలు కొనతో ఒక్కొక్క చిన్న వాల్వును మెల్లగా తట్టవలెను. మంచి వాల్వు సైతము ‘టిక్కు’ మనును, ముఖ్యముగా మొదటిది, ఏలయన దాని ధ్వనిని పెంచుటకు వెనుక నింకను పెక్కు వాల్వులున్నవి. గంటవలె మ్రోగి ఆ మ్రోత చల్లారనిదానిని, తట్టినపుడెల్ల చిటపటలాడుదానిని మాత్రమే తొలగింపవలెను. ఇట్టి పరీక్షలో సగము వాల్వులను దోషులుగా తేల్చి పాఱవేయువారు కలరు; వారివలన లాభపడునది అమ్మువాడే.

మీట నొక్కిన వెంటనే ఫ్యూజు పోవుట అన్నిటికంటె కలవరపెట్టు లక్షణమైనను, దీని విచారణ యంత తిన్ననిది మఱి యొకటి లేదు. పవర్ వాల్వులను, రెక్టిఫయరును తీసివేసి, యంత్రముపై వ్రాసియున్న విలువగల ఫ్యూజునే క్రొత్తది వేసి వెలిగింపవలెను. అప్పుడును పోయినచో దోషము ట్రాన్స్‌ఫార్మరు ప్రాంతమున నున్నది, వాల్వులతో పనిలేదు. నిలిచినచో ఆర్పి, రెక్టిఫయరును మాత్రము గ్రుచ్చి చూడవలెను. ఇప్పుడు పోయినచో రెక్టిఫయరైనను, దాని వెంటనున్న కెపాసిటరులైనను కారణము. ఇదియు నిలిచినచో పవర్ వాల్వులను ఒకటి తరువాత నొకటి. ఏది గ్రుచ్చినపుడు ఫ్యూజు పోవునో అదియే అపరాధి. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని పెద్ద విలువగల ఫ్యూజును వేయుటయో, రాగితీగను చుట్టుటయో చేసినవాడు పదులలో పోవు ఖర్చును వేలలోనికి తెచ్చుకొనును. ఫ్యూజు చేయవలసిన పనిని అప్పుడు ట్రాన్స్‌ఫార్మరు చేయును.

పవర్ వాల్వునకు వచ్చు వ్యాధులలో తీవ్రమైనది ప్లేటు ఎఱ్ఱబడుట. గదిలో దీపమార్పి వెనుకనుండి చూచినచో ఆరోగ్యవంతమైన 6వీ6లో నడుమనున్న హీటరు మాత్రమే నారింజవన్నెగా వెలుగుచుండును. చుట్టునున్న బూడిదరంగు ప్లేటు నిర్వికారముగా నుండును. ఆ ప్లేటు పార్శ్వమున, అతుకుల ప్రక్కన, మొదట నాణెమంత మేర మందారపుచాయ పొడచూపి, నిమిషములో విస్తరించి కణకణలాడుచున్నచో యంత్రమును ఆ క్షణమే ఆర్పవలెను. గాజు లోపలితలమున కనబడి, వాయించునప్పుడెల్ల కదలాడు నీలికాంతిని చూచి మాత్రము బెదరవలదు. దారితప్పిన ఎలక్ట్రానులు గాజును తాకుటచే పుట్టు నిరపాయమైన వెలుగది. అవయవముల నడుమ పొగవలె ఆవరించిన గులాబి, ఊదాకాంతి వేఱు. అది లోపల వాయువున్నదనుటకు గుర్తు. ఎఱ్ఱబడుటకు కారణము గ్రిడ్డునకు అందవలసిన ఋణవోల్టేజి అందకపోవుట. ఎందుకందలేదన్నదానికి అన్వయవ్యతిరేకమే శరణ్యము: రెండు 6వీ6లును చల్లారిన పిదప వాటి స్థానములను తారుమారుచేసి మరల వెలిగింపవలెను. ఎఱుపు వాల్వుతో పాటు రెండవ సాకెట్టునకు పోయినచో వాల్వును మార్చినచో చాలును. పాత సాకెట్టులోనే నిలిచి, క్రొత్తగా వచ్చిన వాల్వును ఎఱ్ఱబఱచినచో, గ్రిడ్డునకు సంబంధించిన ఐదవ పిన్నువద్ద సాకెట్టు పట్టు సడలినదో, ఆఱవ వాల్వునుండి సంకేతమును తెచ్చు కెపాసిటరు కాఱి ధనవిద్యుత్తును గ్రిడ్డునకు చేర్చుచున్నదో యని యెంచవలెను. రెండును ఎఱ్ఱబడినచో ఋణవోల్టేజిని సరఫరా చేయు భాగమే పడిపోయినదన్నమాట. అప్పుడు క్రొత్త వాల్వుల జతను కొని గ్రుచ్చుట రెండు నిండుప్రాణములను బలియిచ్చుటయే.

దోషి వాల్వేయని తేలిన పిదప మార్పిడి చేతిపని మాత్రమే. తీగను గోడనుండి ఊడదీసి, వాల్వులు చేతికి తాకునంతగా చల్లారనిచ్చి, చిన్న వాల్వులకు తగిలించిన తగరపు తొడుగును కొంచెము నొక్కి త్రిప్పి తీసి, వాల్వును చిన్న వలయములుగా ఊపుచు నిదానముగా క్రిందికి లాగవలెను. తొమ్మిది పిన్నుల వాల్వునకు మొదటి, తొమ్మిదవ పిన్నుల నడుమ ఖాళీ యుండును, సాకెట్టులో ఆ ఖాళీని గుర్తించి నిటారుగా నెట్టవలెను. ఎనిమిది పిన్నుల పెద్ద వాల్వునకు అడుగున నడుమ నొక మేకుండి, దాని ప్రక్కన సాకెట్టు గాడిలో ఇమిడెడి చిన్న గట్టొకటి యుండును. ఆ మేకు విఱిగిపోయినచో వాల్వు ఏ దిక్కుననైనను దూరును గనుక విఱిగినదానిని వాడకుండుటయే క్షేమము. పెక్కుసార్లు పాత వాల్వును ఊడదీసి మరల గ్రుచ్చినంతనే చిటపట మాయమగును. పిన్నులపై పట్టిన చిలుము ఆ రాపిడికి రాలిపోవుటయే కారణము. కాంటాక్టు క్లీనరు ఒక చుక్క పిన్నులకు పూసి, రెండు మూడుమారులు తీసి గ్రుచ్చిన తరువాతనే అంగడికి పోవుట వివేకము.

ఛాసీని విప్పవలసివచ్చినచో మాత్రము పరిస్థితి మాఱును. తీగను గోడనుండి ఊడదీసిన తరువాతను కెపాసిటరులలో 400 వోల్టులకు పైబడిన విద్యుత్తు నిలువయుండవచ్చును. దానిని రెసిస్టరు ద్వారా భూమికి దింపి, మీటరుతో సరిచూచుకొనక చేయిపెట్టినవాని ప్రాణమునకు హామీ లేదు. పాత మెకానికులు ఒక చేతిని జేబులో పెట్టుకొని రెండవ చేతితో మాత్రమే కొలతలు తీసెడివారు, విద్యుత్తు ఒక చేతినుండి రెండవచేతికి గుండె మీదుగా పోకుండుటకై. అనుభవము లేనివారు ఈ పనికి పూనుకొనరాదు. మరియొక సంగతి: స్పీకరును తగిలింపక వాల్వు ఆంప్లిఫయరును వాయింపరాదు, భారములేని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో అమితమైన వోల్టేజి లేచి దానినో, వాల్వునో కాల్చివేయును.

చిన్న వాల్వులకు కాథోడు క్రింది రెసిస్టరే తగిన ఋణమును కల్పించును గనుక వాటిని మార్చి ఊరకుండవచ్చును. డీలక్స్ రివర్బ్ వంటి యంత్రములలో పవర్ వాల్వుల సంగతి అట్లు కాదు. రెండు వాల్వులును ఒకే కాడికి కట్టిన ఎద్దుల జత. ఒకటి బలిసి రెండవది చిక్కినచో బండి ఒక ప్రక్కకు లాగును. రెండింటి ప్రవాహము సమమైనపుడే ట్రాన్స్‌ఫార్మరు ఇనుములో వాటి అయస్కాంతప్రభావములు పరస్పరము రద్దగును, హుంకారమును అణగును. అందుచేత జతకుదిర్చిన వాల్వులనే కొనవలెను. పిమ్మట ఋణవోల్టేజిని క్రొత్త జతకు తగినట్లు సవరింపవలెను. దీనికే బయాస్ పెట్టుట యని మెకానికుల వ్యవహారము. 6వీ6 ప్లేటు సహింపగల ఉష్ణము 12 వాట్లు. గిటారు మౌనముగా నున్నపుడు అందులో 70 శాతమునకు మించకుండ నుంచుట రూఢిగా వచ్చిన మర్యాద, అనగా 8.4 వాట్లు. ప్లేటువద్ద 400 వోల్టులున్నచో 8.4ను 400చే భాగింపగా వచ్చు 21 మిల్లీఆంపియరులు ఒక్కొక్క వాల్వునకు గరిష్ఠము. కాథోడునకును భూమికిని నడుమ ఒక ఓము రెసిస్టరును చేర్చినచో, దానిపై మీటరు చూపు మిల్లీవోల్టుల సంఖ్యయే మిల్లీఆంపియరుల సంఖ్య యగును. అందులో స్క్రీన్ గ్రిడ్డు అను రెండవ గ్రిడ్డు ప్రవాహమును కొంచెము కలిసియుండును గాని, తప్పు క్షేమమువైపునకే గనుక బాధలేదు. తక్కువ ప్రవాహమున ధ్వని పొడిగా, గట్టిదనము లేక యుండును. ఎక్కువ ప్రవాహమున మెత్తగా, నిండుగా నుండి వాల్వు ఆయువు తగ్గును. చెవికి నచ్చినచోట, పరిమితికి లోబడి నిలుపుట వాయించువాని యిష్టము. బ్రిటనులో తయారైన వాక్స్ ఏసీ30 వంటి యంత్రములలో పవర్ వాల్వులకు సైతము కాథోడు రెసిస్టరే ఈ పని చేయును, సవరింపులేదు.

వాల్వుల నిప్పుడు చేయువారెవరని అడుగువారికి: స్లొవేకియాలోని చాద్‌సా పట్టణమున నొకటి, రష్యాలోని సరాతోవ్ నగరమున నొకటి, చైనాలో కొన్ని కర్మాగారములు. 2022 మార్చిలో యుక్రెయిన్ యుద్ధము మూలమున సరాతోవ్ ఎగుమతులు నిలిచిపోవునన్న వార్త పొక్కగానే అన్ని దేశముల గిటారువాదకులు నిలువచేసికొనుటకై అంగళ్ళపై పడిరి. ఎగుమతులు తరువాత సాగినవి. మన దేశమున బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ హాలండు ఫిలిప్స్‌వారి సహకారముతో 1961లో రేడియో వాల్వుల తయారీని ఆరంభించెను. మన రేడియోలలో వెలిగిన ఆ వాల్వులలో మిగిలిపోయినవానికి విదేశములలోని సేకర్తలు నేడు మంచి ధర చెల్లించుచున్నారు. పాతనిలువ యని పేరుపెట్టి అమ్ము వాల్వులకు పదిరెట్ల ధర నిచ్చుట నా దృష్టిలో అనవసరము. మొదటి సాకెట్టులో బుసలేని వాల్వు ఏ దేశపుదైనను మంచి వాల్వే.

అమెరికానుండి తిరిగివచ్చు మనవారిలో కొందఱు అక్కడ కొన్న ఆంప్లిఫయరును వెంటదెచ్చుకొందురు. అది 120 వోల్టుల యంత్రము; మన 230 వోల్టుల గోడకు సూటిగా తగిలించినచో ఫ్యూజు పోవుట అదృష్టము, ట్రాన్స్‌ఫార్మరు పోవుట దురదృష్టము. తగిన శక్తిగల స్టెప్‌డౌను ట్రాన్స్‌ఫార్మరు ద్వారానే నడుపవలెను. ఆ ట్రాన్స్‌ఫార్మరు నిచ్చు వోల్టేజి హెచ్చైనచో హీటరులకు 6.3 వోల్టులకు బదులు 7 వోల్టుల వఱకు పోయి, కాథోడుల పూత వేగముగా తరుగును. ఏడాదికోసారి వాల్వులు మార్చుచు కంపెనీని నిందించువారు ఒకసారి గోడలోని వోల్టేజిని కొలుచుకొనుట మంచిది.

మార్పిడి ముగిసిన పిదప ఊడదీసినవానిలో బాగున్నవాటిని పాఱవేయనక్కరలేదు. చిన్న వాల్వులు బహుకాలము మన్నును. నిత్యము వేదికలపై బిగ్గరగా వాయించువారి పవర్ వాల్వులే ఏడాది రెండేండ్లకు మార్పు కోరును. మొదటి సాకెట్టులో కేక పెట్టిన 12ఏఎక్స్7 ధ్వనిని ఊగించు ఐదవ సాకెట్టులో నిశ్శబ్దముగా పనిచేయవచ్చును, ఏలయన అచ్చట దాని వెనుక అంత గుణకారము లేదు. కావున ఒక్కొక్కదానిని కాగితములో చుట్టి, ఏ సాకెట్టునుండి తీసినది, ఏనాడు తీసినది, ఏ లక్షణము చూపినది అను మూడు ముక్కలు ఆ కాగితముమీదనే వ్రాసి దాచవలెను. పవర్ వాల్వులను మాత్రము జత విడదీయక ఒకే పొట్లములో నుంచవలెను.